బడి చెట్ల మీద కంబళి పురుగులు: పట్టించుకునేదెవరు?

సంపాదకుడి గారికి,

వానలు పడ్డాక మా ఊరి బడిలో మునగచెట్ల మొద్దులు కంబళి పురుగులతో నిండిపోయాయి. పగలంతా అవి బెరడు కనబడనంత దట్టంగా గుంపుకట్టి ఉంటాయి. మధ్యాహ్న భోజనానికి పిల్లలు కూర్చునేది ఆ నీడలోనే. మొన్న మా పాప మెడ మీద, మోచేతి మడతల్లో ఎర్రటి దద్దుర్లతో ఇంటికొచ్చింది. పురుగును ముట్టుకోనే లేదంది. ముట్టుకోనక్కర్లేదు. దాని నూగు ఊడి గాలికి లేస్తుంది, ఆరేసిన బట్టల మీద పడుతుంది. చచ్చిన పురుగు నూగు కూడా దురద పెడుతుంది.

బడిలో విభూతి రుద్ది పంపారు. మన ఇళ్లలోనూ చేసేది అదే. కానీ రుద్దితే నూగు విరిగి చర్మంలోకి ఇంకా దిగుతుంది. ముందు సెల్లో టేపు అతికించి లాగెయ్యాలి, ప్రతిసారీ కొత్త ముక్కతో. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, బట్టలు మార్చాలి. దురదకు కాలమైన్ లోషన్ పనిచేస్తుంది. కంట్లో పడితే మాత్రం ఇంటి వైద్యం అసలు వద్దు. నలపకుండా నీళ్లతో కడిగి, అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. ఆ నూగు కంటి లోపలికి చొచ్చుకుపోతే చూపుకే ముప్పు. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా నేరుగా ఆసుపత్రికే.

వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు వస్తుందంటే దాని రెక్కల పురుగుల్ని వెలుతురుతో పట్టే దీపపు ఎరలు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు, రైతులు కదులుతారు. అనంతపురం జిల్లాలో ఇది అందరికీ తెలిసిందే. మరి పిల్లల మీద పడే పురుగుకు? పంచాయతీ వాళ్లు బడిని అడగమన్నారు, బడి వాళ్లు పంచాయతీని చూపించారు.

చెట్లు కొట్టేయమని నేను అడగడం లేదు. మునగాకు, మునక్కాయలు మా పిల్లల తిండే కదా. పురుగులు మొద్దు మీద గుంపుగా ఉన్న పగటిపూట, బడి లేని రోజున వాటిని సబ్బు నీళ్ల బకెట్లోకి తోసేస్తే చాలావరకు పోతాయి. ఆ పని చేసేవాళ్లకు గ్లౌజులు, కళ్లద్దాలు, మూతికి గుడ్డ తప్పనిసరి. పొడి చీపురుతో ఊడ్చినా, కాగడాతో కాల్చినా నూగు లేచి చుట్టుపక్కల వాళ్ల మీదే పడుతుంది. ప్రతి బడి, అంగన్‌వాడీ మందుల పెట్టెలో ఒక టేపు చుట్ట, కాలమైన్ సీసా ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ), మండల విద్యాధికారి (ఎంఈఓ) గార్లు ఈ ఆదివారమే పంచాయతీ సిబ్బందితో ఈ పని మొదలుపెట్టించాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తల్లి, అనంతపురం జిల్లా