కోప్పడటం వేరు, ఆసుపత్రిని నడపడం వేరు

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త పదే పదే కనిపిస్తోంది. మంత్రిగారో, ఎమ్మెల్యేగారో, కలెక్టరుగారో ప్రభుత్వాసుపత్రిని ఆకస్మికంగా తనిఖీ చేశారు, మరుగుదొడ్లు చూసి మండిపడ్డారు, సూపరింటెండెంటును అందరి ముందూ నిలదీశారు, ఇద్దరికి మెమోలు ఇవ్వమన్నారు. పక్కనే ఫొటో. నేను ప్రభుత్వాసుపత్రుల్లో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అలాంటి ఫొటోల్లో వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడేవాళ్లలో నేనూ ఉండేదాన్ని. తనిఖీలు వద్దని అనను. గట్టిగా కోప్పడితే చాలు, ఆసుపత్రి దారిన పడుతుందన్న నమ్మకం మీదే నా అభ్యంతరం.

2022 జులైలో పంజాబ్‌లోని ఫరీద్‌కోట్‌లో ఇది పరాకాష్ఠకు చేరింది. అక్కడి ఆరోగ్యమంత్రి వైద్య విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌ను, వెన్నెముక శస్త్రచికిత్సల్లో పేరు పొందిన డాక్టరును, వార్డులోని మురికి పరుపు మీద కెమెరాల ముందే పడుకోబెట్టారు. ఆయన రాజీనామా చేశారు. పరుపు మురికిగా ఉన్న మాట నిజమే. ఆ పరుపు మార్చే డబ్బు, అధికారం ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న మాత్రం ఆ హడావుడిలో ఎవరికీ పట్టలేదు.

మన దగ్గరా అంతే. 2015 ఆగస్టులో గుంటూరు సర్వజనాసుపత్రిలో పసికందును ఎలుకలు కొరికి చంపాయి. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో మళ్లీ ఎలుకలే రోగిని కొరికాయి. సూపరింటెండెంటును బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుకలు పట్టడం మా పనా అని డాక్టర్లు నిరసన తెలిపారు. వాళ్ల వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను. ఐసీయూలో ఉన్న రోగికి ఏం జరిగినా ఆసుపత్రి పెద్ద జవాబు చెప్పాల్సిందే. అయితే జవాబు చెప్పాల్సిన మనిషి చేతిలో ఏముందో కూడా చూడాలి కదా.

నేను చూసినంతలో చెబుతాను. ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు. ఒప్పందం పైస్థాయిలో జరుగుతుంది. వాళ్లకు జీతం ఆలస్యమై పని ఆపేస్తే మేం బతిమాలుకోవడమే. మందులు, పరికరాల కొనుగోలు రాష్ట్ర ప్రభుత్వ వైద్య కార్పొరేషన్‌ది. రోగి గొంతులోని కఫం లాగే సక్షన్ యంత్రం చెడిపోతే, కావాలని ఇండెంటు రాసి పంపి ఎదురుచూడాలి. డ్రైనేజీ పైపు పగిలితే ఇంజనీరింగు వాళ్లకు లేఖ రాయాలి. స్టాఫ్ నర్సును డిప్యుటేషన్ మీద ఎక్కడికి పంపేదీ ఒక్కోసారి ఫోను మీదే తేలిపోతుంది. ఇన్నింటి మధ్య కూర్చునే సూపరింటెండెంటు ఎవరంటే సీనియారిటీ జాబితాలో ముందున్న సర్జనో, ఫిజీషియనో. నిన్నటిదాకా కత్తి పట్టిన చేతికి తెల్లారేసరికి టెండరు ఫైళ్లు, కోర్టు కేసులు, సమాచార హక్కు దరఖాస్తులు వచ్చి పడతాయి. ఆ పని ఎలా చేయాలో ఎవరూ నేర్పరు. చాలామంది ఇన్‌ఛార్జిలే. నేర్చుకునేలోపు బదిలీ, కాకపోతే రిటైర్‌మెంటు.

పైనుంచి భయపెడితే ఆ భయం వార్డు చివరి మంచం దాకా దిగుతుంది. రాత్రి డ్యూటీలో ఒకరి ఇంజెక్షను మరొకరికి ఇవ్వబోయి ఆఖరి క్షణంలో ఆగిన నర్సు ఆ సంగతి నోట్ చేస్తే మర్నాడు పది మంది జాగ్రత్తపడతారు. కానీ రాస్తే వచ్చేది మెమో అని తెలిశాక ఎవరు రాస్తారు? పొరపాట్లు రాయాల్సిన రిజిస్టరు తెల్లగా ఉంటే ఆసుపత్రి బాగున్నట్టు కాదు. నాణ్యత చూసి మార్కులు వేసే బృందం వస్తోందంటే గోడలకు రంగులు, మంచాలకు కొత్త దుప్పట్లు. వాళ్లు వెళ్లగానే దుప్పట్లు తిరిగి బీరువాలోకి. (మార్కులు బాగానే వచ్చేవి లెండి.)

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. ఇంగ్లండులోని స్టాఫర్డ్ ఆసుపత్రిలో 2005 నుంచి 2009 దాకా రోగులు దారుణ నిర్లక్ష్యానికి గురయ్యారు. యాజమాన్యం చూపు ఖర్చుల లెక్కల మీద, లక్ష్యాల మీద, ఆసుపత్రికి ఎక్కువ స్వతంత్రత తెచ్చే ‘ఫౌండేషన్ ట్రస్టు’ హోదా మీద ఉండిపోయింది. రోగుల బంధువులు పట్టువదలకుండా పోరాడితే బహిరంగ విచారణ జరిగింది. 2013లో వచ్చిన నివేదికలో 290 సిఫార్సులున్నాయి. పొరపాటు జరిగితే రోగికి దాచకుండా చెప్పడాన్ని ఆ తర్వాత అక్కడ చట్టబద్ధమైన బాధ్యతగా మార్చారు.

సూపరింటెండెంట్లందరూ అమాయకులని నా వాదన కాదు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో యువ వైద్యురాలి హత్య తర్వాత ప్రిన్సిపల్ రాజీనామా చేస్తే, అదే రోజు ఆయనకు మరో కళాశాలలో అదే పదవి ఇచ్చారు. చివరికి హైకోర్టే ఆయనను సెలవుపై వెళ్లమనాల్సి వచ్చింది. పలుకుబడి లేనివాడికి సస్పెన్షను, ఉన్నవాడికి మరో కుర్చీ.

మా జిల్లా ఆసుపత్రిలో ఒక సూపరింటెండెంటు ఉండేవారు. మాట కరుకే. అయినా ప్రతి సోమవారం హెడ్ నర్సులను, ల్యాబు వాళ్లను, పారిశుద్ధ్య సూపర్‌వైజరును ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, గత వారం ఏది తేడా వచ్చిందో అడిగేవారు. ఎవరు చేశారని అడిగేవారు కాదు, ఎలా జరిగిందని అడిగేవారు. మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆక్సిజన్ సిలిండరు మార్చే కుర్రాడు కూడా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయనకు ఏడాది తిరక్కుండానే బదిలీ అయింది, సోమవారం సమావేశాలూ ఆగిపోయాయి.

సర్కారు డాక్టర్లకు నడపడం చేతకాదనేవారు మదురైని చూడాలి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాకే, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. పల్లెటూరి అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, శస్త్రచికిత్సకు ముందూ వెనకా ఉండే పనులు వాళ్లకు నమ్మకంగా అప్పగించారు. సర్జన్ సమయం శస్త్రచికిత్సకే మిగిలింది. సర్కారు కొలువు చేసిన మనిషే, అధికారం చేతికొచ్చాక అంత పని చేయగలిగారు.

సూపరింటెండెంటుకు కనీసం మూడేళ్లు కదపని పదవీకాలం ఇవ్వండి, కుర్చీ ఎక్కేముందు పరిపాలనలో శిక్షణ ఇవ్వండి. పారిశుద్ధ్య ఏజెన్సీ బిల్లు ఆపే అధికారం, చిన్న మరమ్మతులకు అక్కడికక్కడే ఖర్చు పెట్టే అధికారం ఇవ్వండి. నిర్ణయాలు జరిగే గదిలో నర్సింగ్ సూపరింటెండెంటుకూ ఒక కుర్చీ వేయండి. అప్పటికీ ఎలుకలు తిరిగితే అప్పుడు నిలదీయండి, మేమూ కాదనం.

మీ పత్రికకూ ఒక మనవి. తనిఖీ ఫొటో వేసిన నెల రోజులకు అదే వార్డుకు విలేకరిని మళ్లీ పంపండి. మరుగుదొడ్డి తలుపుకు గడియ పెట్టారో లేదో, పెట్టకపోతే ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో కనుక్కుని, ఫొటో వేసిన చోటే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
సామర్లకోట