పింఛను వయసు అందరికీ ఒకటేనా?

సంపాదకుడికి నమస్కారం.

పింఛను వయసు పెంచక తప్పదంటూ మీ పత్రికలో వస్తున్న వ్యాసాలు చదువుతున్నాను. లెక్క వరకూ కాదనను. చాలా దేశాల్లో ఇప్పుడు పనిచేసేవాళ్లు కడుతున్న చందాయే పెద్దవాళ్లకు పింఛనుగా వెళ్తుంది. కట్టేవాళ్లు తగ్గి, తీసుకునేవాళ్లు పెరిగితే ఎక్కడో ఒకచోట బిగించాల్సిందే. జపాన్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవాళ్లే. దక్షిణ కొరియా 2025లో చందాను ఆదాయంలో 9 నుంచి 13 శాతానికి విడతలవారీగా పెంచుతూ చట్టం తెచ్చింది. డబ్బులు చెట్లకు కాయవు కదా.

నా అభ్యంతరమల్లా అందరికీ ఒకే గీత గీయడం మీదే. డెన్మార్క్ 2040 నాటికి ఈ వయసును 70కి చేర్చాలని 2025లో నిర్ణయించింది. కుర్చీలో కూర్చుని పనిచేసే నాలాంటివాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు. పద్దెనిమిదేళ్లకే ఇటుకలు మోయడానికి చేరినవాడి మాటేమిటి? యాభై అయిదు వచ్చేసరికి మోకాలు వంగదు, పరంజీ ఎక్కాలంటే భయం. రోగులను లేపి కూర్చోబెట్టే నర్సు నడుమూ అంతే. పైగా వీళ్లు ముందే పనిలోకొచ్చి ఎక్కువ ఏళ్లు చందా కడతారు, సగటున తక్కువ కాలం బతుకుతారు. వయసు 65 నుంచి 67కి పెంచారనుకోండి. తొంభై దాకా బతికేవాడికి పాతికేళ్ల పింఛనులో రెండేళ్లు పోతాయి. డెబ్బైకే పోయేవాడికి అయిదేళ్లలో రెండేళ్లు పోతాయి!

పుట్టిన తేదీతో పాటు పని ఎంత బరువైనదో కూడా చూడొచ్చు. ఆస్ట్రియాలో 45 ఏళ్ల బీమా కాలం (పింఛనుకు లెక్కలోకొచ్చే ఏళ్లు) ఉండి, చివరి 20 ఏళ్లలో పదేళ్లు బరువు పని చేసినవాళ్లు 60కే పింఛను తీసుకోవచ్చు. ఎనిమిది గంటల్లో మగవాళ్లయితే కనీసం 2,000, ఆడవాళ్లయితే 1,400 కిలోకేలరీలు ఖర్చయ్యే పనిని బరువు పనిగా లెక్కిస్తారు. కేలరీలతో కొలవడం వింతగా ఉన్నా, అసలు కొలవకపోవడం కన్నా నయం. జర్మనీ 2014లో 45 ఏళ్లు చందా కట్టినవాళ్లను 63కే పింఛనులో కోత లేకుండా రిటైరవ్వనిచ్చింది. అయితే దాన్ని వాడుకున్నవాళ్లలో మంచి జీతాల నిపుణ కార్మికులూ బాగానే ఉన్నారు. కాబట్టి ఏళ్ల లెక్క ఒక్కటే చాలదు.

దీనికి ఖర్చవుతుంది, నిజమే. ఎంత పెద్ద జీతమైనా ఒక మొత్తం వరకే చందా కట్టించుకునే గరిష్ఠ పరిమితిని ముందు పైకి జరపండి, ఆ భారం నాలాంటివాళ్ల మీద పడినా సరే.

వయసు పెంచే బిల్లు పెట్టే ముందు ప్రభుత్వం ఒక పట్టిక బయటపెట్టాలి. ఏ వృత్తివాళ్లు పింఛను మొదలయ్యాక సగటున ఎన్నేళ్లు బతుకుతున్నారో అందులో ఉండాలి. అది చూశాకే ఓటింగ్ పెట్టాలి.

– ఒక పాఠకుడు