వార్షిక నివేదిక: కింగ్స్ పార్క్ పాత ఆసుపత్రి, మన ఉత్తరం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ ఫోన్లలో ఉన్నాయి, లెక్కలు కోశాధికారి విడిగా పంపారు. ఇక మిగిలింది కింగ్స్ పార్క్ పాత మానసిక ఆసుపత్రి సంగతి. అందులో ఏ భవనాన్ని కాపాడమని అడగాలా అని ఏడాది పొడుగునా వాదించుకున్నాం.

న్యూయార్క్ రాష్ట్రంలోని మన లాంగ్ ఐలాండ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ‘ఏ రాజుదండీ ఈ పార్కు?’ అని అడుగుతారు. ఏ రాజుదీ కాదు. కింగ్స్ కౌంటీ, అంటే బ్రూక్లిన్, తన ఆసుపత్రులు కిక్కిరిసిపోయి 1885లో ఇక్కడి పొలాల్లో మరొకటి పెట్టింది. ఊరికి ఆ పేరే నిలిచింది. రోగులే సాగు చేసేవారు. సొంత పవర్ హౌస్ ఉండేది, రైలు లోపలిదాకా వచ్చేది. మనం ఆదివారాలు నడిచే బాట ఆ పట్టాల దారే. 1954లో రోగులు 9,300 మందికి పైనే. తర్వాత కొత్త మందులొచ్చి సంఖ్య తగ్గుతూ పోయింది. 1996లో మూసేసి, మిగిలినవాళ్లను బ్రెంట్‌వుడ్‌లోని పిల్‌గ్రిమ్ మానసిక ఆసుపత్రికి పంపారు. స్థలం నిస్సెక్వాగ్ రివర్ స్టేట్ పార్క్ అయింది. డజనుకు పైగా భవనాలు 2012–13లో కూల్చారు. మిగతావాటిలో చాలావరకు అలాగే పడి ఉండిపోయాయి.

అక్టోబరు నడకకి మన సభ్యురాలి నాన్నగారు వచ్చారు. గుంటూరులో చదివి, డెబ్బైల చివర్లో ఇక్కడ సైకియాట్రిస్టుగా చేసినవారు. 1939లో కట్టిన పదమూడంతస్తుల 93వ బిల్డింగ్ ముందు కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. పై అంతస్తులో అద్దాల్లేని కిటికీలోంచి ఓ చెట్టు కొమ్మ బయటికొచ్చింది. ‘చలికాలం రేడియేటర్ మీద ఇడ్లీ డబ్బా పెట్టుకునేవాణ్ణి. వార్డులో ఒకాయన రోజూ వాసన చూసి, ఏం వండారని అడిగేవాడు’ అన్నారు. ఆ పేషెంటు పేరు కూడా గుర్తుంది గానీ చెప్పలేదు.

ఆ బిల్డింగ్‌ని నిలబెట్టాలని మొదట వాదించింది నేనే. ఇప్పుడు ఆ మాట అననుగాక అనను. లోపలంతా ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్బెస్టాస్, ఏళ్ల తరబడి కారిన వాన. బాగుచేయడానికీ డబ్బు కావాలి, కూల్చడానికీ కావాలి. అందుకే ఎవరూ ముట్టుకోరు. అన్నీ కాపాడమని అడిగితే ఏదీ దక్కదు. రోగులు, సిబ్బంది నాటకాలు, సినిమాలు చూసిన యార్క్ హాల్ ఒక్కదాన్ని బాగుచేయమని అడుగుదామని నవంబరు సమావేశంలో తేల్చాం. ముగ్గురు ఒప్పుకోలేదు, వాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో ఉంది. ఉత్తరం పంపాం. ‘అందింది’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

ఇంకో మాట. మన పిల్లలు కొందరు వీడియోల కోసం కంచె దూరి లోపలికెళ్లారట. నేలలు కుంగిపోయి ఉన్నాయి, దయచేసి గట్టిగా చెప్పండి.

వచ్చే నడక ఏప్రిల్ మొదటి ఆదివారం, యార్క్ హాల్ వైపు. గడ్డిలో పిడుదులుంటాయి, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని రండి. డాక్టరుగారు కూడా వస్తానన్నారు.

కార్యదర్శి