నాన్నగారికి, చెక్కతో కట్టే బడి గురించి

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్లో మీరు అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "చెక్కతో బడి ఏంటమ్మా? పిల్లలుండే చోటు కదా!" అన్నారు. నలభై ఏళ్లు చెక్కపని చేసిన మనిషి ఆ మాట అంటే తేలిగ్గా తీసుకోలేను. రెండు ముక్కల్లో చెప్పబోయి తడబడ్డాను. మీరు "సరేలే, జాగ్రత్త" అని పెట్టేశారు. నమ్మకం కుదరనప్పుడే మీరు అలా అంటారని నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడవవుతుంది, తీరిక చూసుకుని చదవండి.

ఇక్కడ కెనడాలో ఇప్పుడు మేం కడుతున్నది రెండంతస్తుల ప్రాథమిక పాఠశాల. పునాదులు, కింది నేల కాంక్రీటే. ఆ పైనంతా చెక్క. స్తంభాలు, దూలాలు గ్లూలామ్‌వి. అంటే ఒకటిన్నర అంగుళం మందం పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, జిగురు పెట్టి, గట్టిగా ఒత్తి, కావలసినంత పెద్ద దూలం చేస్తారు. ఇదేం నిన్నమొన్నటి పని కాదు. జర్మనీలో ఒట్టో హెట్జర్ అనే ఆయన ఇలా అతికిన వంపు దూలాలకు 1906లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఆయనా వడ్రంగే.

పై అంతస్తు నేల, కప్పు మాత్రం ఇంకో రకం. క్రాస్ లామినేటెడ్ టింబర్ అంటారు, పనిలో అందరూ సీఎల్‌టీ అనేస్తారు. ఆస్ట్రియా, జర్మనీల్లో 1990ల్లో మొదలైంది. ఒక వరస పలకలు పొడుగ్గా, దాని మీది వరస అడ్డంగా, మళ్లీ పొడుగ్గా, ఇలా మూడో, ఐదో, ఏడో వరసలు అతికిస్తారు. ప్లైవుడ్ లాంటిదే, కాకపోతే పల్చటి పొరల బదులు నిండు పలకలు. ఒక్కో ఫలకం మూడు మీటర్ల వెడల్పు, పన్నెండు మీటర్ల పొడవు దాకా ఉంటుంది. కిటికీ ఎక్కడ, పైపు ఎక్కడ అన్నది మేం గీసి పంపిన కొలతల ప్రకారం ఫ్యాక్టరీలో మిషనే కోసేస్తుంది.

ఈ పలకలు స్ప్రూస్ అనే చెట్టువి. "స్ప్రూస్ అంటే మెత్తచెక్క కదా" అని మీరు అంటారు. మెత్తదే. కానీ వానాకాలంలో తలుపు బిగుసుకుపోతే మీరు పక్క అంచుకే చిత్రిక పట్టేవారు, పై అంచు జోలికి వెళ్లేవారు కాదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "చెక్క అడ్డంగా ఉబ్బుతుంది గానీ పొడుగ్గా పెరగదు" అన్నారు. సీఎల్‌టీ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది నాన్నా. ఒక వరస ఉబ్బబోతే దాని పైనా కిందా ఉన్న అడ్డ వరసలు పట్టి ఆపుతాయి. కాలేజీలో ఈ పాఠం చెప్పినప్పుడు నాకు ముందే తెలిసిన సంగతిలా అనిపించింది.

ఇక నిప్పు. మీ భయం దాని గురించేనని తెలుసు. ఇక్కడ చదువుకునే రోజుల్లో ల్యాబులో ఒక దూలం ముక్కను గంటసేపు కొలిమిలో కాల్చి, చల్లార్చి, అడ్డంగా కోసి మా ముందు పెట్టారు. పైనంతా నల్లటి బొగ్గు, మొసలి వీపులా పగుళ్లు. దాని కింద సన్నటి గోధుమరంగు గీత. ఆ గీత దాటితే లోపలంతా లేత పసుపు చెక్క, నిన్న కోసినట్టే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చెక్క వాసన వస్తోంది. అందులోంచి ఒక ముక్క అడిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

పై బొగ్గే లోపలి చెక్కకు కవచం అవుతుంది. ఇలాంటి చెక్క నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి కాలుతుందని లెక్క. గంటకు దాదాపు 40 మిల్లీమీటర్లు. అందుకని 265 మిల్లీమీటర్ల వెడల్పు దూలం పెడితే, రెండు పక్కలా నలభై చొప్పున పోయి 185 మిగులుతుందని ముందే అనుకుంటాం. బొగ్గు కింద వేడెక్కిన మరో 7 మిల్లీమీటర్లకు కూడా బలం లేదనే లెక్క వేస్తాం. ఆ మిగిలిన దూలం కప్పు బరువు మోయగలిగితేనే కొలత ఖాయం చేస్తాం. బక్కపల్చని కర్రల చట్రానికి ఈ లెక్క పనికిరాదు, అది త్వరగా కాలిపోతుంది. దాన్ని జిప్సం బోర్డుతో కప్పాల్సిందే.

ఇనుము గురించే నాకు ఎక్కువ జాగ్రత్త. ఇనుము కాలదు గానీ 550, 600 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి సగం బలం పోగొట్టుకుంటుంది. దూలాన్ని స్తంభానికి పట్టే బిగింపులు ఇనుపవే కదా. అందుకని దూలం చివర లోపలికి తొలిచి, బిగింపును అందులో దాచి, చుట్టూ చెక్క ఉండేలా చూస్తాం. మీరు కర్ర చివర సన్నగా చెక్కి కుసి చేసి బెజ్జంలో దింపితే బయటికి ఏమీ కనపడదు చూడండి, మాదీ బయటికి అలాగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఇనుము ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1958 డిసెంబరు 1న షికాగోలో అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ అనే బడిలో నిప్పంటుకుని 92 మంది పిల్లలు, ముగ్గురు సన్యాసినులు చనిపోయారు. చుట్టూ ఇటుక గోడలే ఆ బడికి. లోపల మెట్లు చెక్కవి, రెండో అంతస్తు దగ్గర మెట్లదారికి తలుపు లేదు, నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు లేవు. కింద పుట్టిన పొగ ఆ మెట్లదారిలోంచి పొగగొట్టంలో వెళ్లినట్టు పైకి వెళ్లింది. మెట్ల దగ్గర తలుపు గీసినప్పుడల్లా నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు. మా బడిలో మెట్లదారి రెండు చివరలా దానంతటదే మూసుకునే తలుపులుంటాయి, ప్రతి గదిలో స్ప్రింక్లర్లుంటాయి. ఏ గదిలోంచి పరుగెత్తినా బయటపడడానికి రెండు దారులుంటాయి. బడిని దేనితో కట్టినా ఈ మూడింటిలో ఒక్కటి తక్కువైతే నేను సంతకం పెట్టను.

నిజం చెప్పాలంటే, రాత్రిళ్లు నాకు నిద్ర పట్టనివ్వనిది నీళ్లు.

రెండేళ్ల కిందట వేరే బడి పని. నవంబరు నెల. ఇక్కడ ఆ నెలంతా ముసురే. పై అంతస్తు ఫలకాలు వేయడం అయిపోయింది, ఫలకానికీ ఫలకానికీ మధ్య టేపు వేసి మూయాలి. మెట్ల కోసం వదిలిన ఖాళీ దగ్గర ఒక మూల టేపు వేయలేదు. నేను వెళ్లి చూసేసరికి అక్కడ నీళ్లు నిలిచి ఉన్నాయి. కోసిన అంచు, అంటే పీచు చివరలు బయటికి కనపడే వైపు, స్ట్రా పెట్టి తాగినట్టు నీళ్లు లాగేసింది. తేమ కొలిచే మీటరు సూదులు గుచ్చితే 27 శాతం చూపించింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది 12 ఉండేది. 20 దాటి అలాగే ఉండిపోతే బూజు, కుళ్లు మొదలయ్యే ప్రమాదం ఉంది.

కాంట్రాక్టు వాళ్లకు మర్నాడే దాని మీద కాంక్రీటు పోసేయాలని తొందర. "పైపైన ఆరిపోయింది కదా" అన్నారు. చేత్తో తడిమితే పొడిగానే ఉంది. కానీ పైన కాంక్రీటు కప్పేస్తే లోపలి తడికి బయటికి వచ్చే దారి ఉండదు. నేను ఒప్పుకోలేదు. హీటర్లు, ఫ్యాన్లు పెట్టి మూడు వారాలు ఆరబెట్టించాను. రోజూ పొద్దున్నే వెళ్లి అవే చోట్ల సూదులు గుచ్చేదాన్ని. 27, 24, 21, చివరికి 15. ఆ మూడు వారాలూ పిల్లలు చలిలో తాత్కాలిక గదుల్లోనే చదువుకున్నారు. వాళ్ల టీచర్ల మొహాలు చూస్తే బాధేసింది. అయినా ఈ రోజు అడిగినా అదే చేస్తాను. నా వైపూ తప్పుంది. ఖాళీ అంచుల్ని ఫ్యాక్టరీలోనే మైనం లాంటి పూతతో మూయించమని డ్రాయింగులో రాయాల్సింది, రాయలేదు. ఇప్పుడు ప్రతి డ్రాయింగులో మొదటి షీటు మీదే రాస్తున్నాను.

కొత్త బడికి చూరు నాలుగడుగులు బయటికి లాగాం. ఆర్కిటెక్టు మూడు చాలన్నారు, నేను పట్టుబట్టాను. వరండా స్తంభాల కింద ఆరంగుళాల కాంక్రీటు దిమ్మ, దాని మీద ఇనుప పాదం, ఆ పాదం మీద స్తంభం. నేల మీద నీళ్లు చిందినా చెక్కకు తగలవు. మీరు స్తంభం కింద రాయి పెట్టేవారు కదా, నేరుగా మట్టిలో పాతమంటే పని వదిలేసుకుని వచ్చేవారు కదా, అదే పట్టుదల నాది.

మీకు నచ్చే బడి ఒకటి చెప్పనా? ఫిన్లాండ్‌లో పుదస్‌యార్వి అనే చిన్న ఊళ్లో 2016లో దుంగల బడి కట్టారు. నిజంగా దుంగలే, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి గోడలు లేపారు. పాత బడుల్లో బూజు పట్టి పిల్లలకు మంచి గాలి కరువైతే, ఊరు ఈ నిర్ణయం తీసుకుంది. మామూలు దుంగ గోడతో చిక్కేంటంటే, దుంగలు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి ఒక్కోటి కాస్త కుంచించుకుపోయినా గోడ మొత్తం మీద మొదటి ఏళ్లలో కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అందుకే కిటికీ చట్రం పైన దానికి ముందే జాగా వదలాలి. మా బడిలో ఆ చిక్కు రాకుండా స్తంభాల్ని మొదటి అంతస్తులోంచి రెండో అంతస్తులోకి ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టాం. మధ్యలో అడ్డచెక్క ఏదీ లేదు. నిలువు చెక్క దాదాపు కుంచించుకుపోదు కాబట్టి బడి దిగదు. మీ తలుపు సూత్రమే ఇక్కడా పనికొచ్చింది.

చెక్కలో నాకు నచ్చని సంగతి ఒకటుంది, శబ్దం. పైగదిలో ముప్ఫై మంది పిల్లలు ఒక్కసారి లేస్తే కింద గదిలో పాఠం వినపడదు. తేలిక నేల కావడం వల్ల అడుగుల దెబ్బ నేరుగా కిందికి దిగుతుంది. అందుకని ఫలకం మీద రబ్బరు చాప, దాని మీద పల్చటి కాంక్రీటు వేస్తాం. గదిలో మాట ప్రతిధ్వనించకుండా కప్పుకు సన్న చెక్కపట్టీలు, వాటి వెనక మెత్తటి పొర. మామూలు తరగతి గదిలో చప్పుడు 0.6 సెకన్లలోపు అణగిపోవాలని ఇక్కడ పాటించే అమెరికా ప్రమాణం. వెనక బెంచీ పిల్లకు టీచరు మాట అర్థం కాకపోతే కప్పు ఎంత అందంగా ఉండి ఏం లాభం?

ఇన్ని తిప్పలు ఉన్నప్పుడు చెక్కే ఎందుకని అడుగుతారు. మొదటి కారణం భూకంపం. ఈ తీరమంతా భూకంపాల చోటు. నేల ఊగినప్పుడు భవనం మీద పడే బలం దాని బరువుని బట్టే ఉంటుంది. ఈ చెక్క బరువు ఘనమీటరుకు 500 కిలోల లోపు, కాంక్రీటు 2,400. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో 1933 మార్చి 10న భూకంపం వచ్చి డెబ్బై దాకా బడులు కూలిపోయాయి, చాలావరకు ఇటుక గోడలవే. సాయంత్రం ఆరు కావస్తుండగా రావడంతో పిల్లలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి బడుల కోసం అక్కడ చట్టం చేశారు. జపాన్‌లో 2010లో, తక్కువ ఎత్తున్న ప్రభుత్వ భవనాలను వీలైనంతవరకు చెక్కతోనే కట్టాలని చట్టం వచ్చింది. కెనడాలో మా రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో 2009 నుంచే ప్రభుత్వ డబ్బుతో కట్టే భవనాలకు ముందు చెక్కను పరిశీలించాలన్న చట్టం ఉంది.

ఇంకోటి, సెలవులు. జూన్ చివర బడి మూస్తారు, సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. ముక్కలన్నీ కోసి, నంబర్లు వేసి లారీలో వస్తాయి కాబట్టి ఆ రెండు నెలల్లోనే చట్రం నిలబెట్టి కప్పు మూసేయగలిగాం. పిల్లల చెవుల దగ్గర డ్రిల్లింగ్ మోతా, దుమ్మూ చాలా తగ్గాయి. చెట్టు పీల్చుకున్న కార్బన్ చెక్కలోనే ఉంటుంది, ఎండిన చెక్క బరువులో సగం అదే. కానీ నరికిన చోట మళ్లీ నాటి పెంచితేనే ఆ మాటకు అర్థం. చెక్క ఏ అడవి నుంచి వచ్చిందో కాగితం చూపించకపోతే మేం తీసుకోం.

పోయిన వారం కప్పు పని అయ్యాక టీచర్లు పిల్లల్ని చూడ్డానికి తీసుకొచ్చారు. అందరికీ పసుపు హెల్మెట్లు. ఒక చిన్నపిల్ల వరస తప్పి స్తంభం దగ్గరికి వెళ్లి రెండు అరచేతులూ ఆనించింది, తర్వాత చెంప ఆనించింది. "వెచ్చగా ఉంది" అంది. పక్కనే పని కోసం నిలబెట్టిన ఇనుప గుంజ ఉంటే దాన్నీ ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఇప్పుడు మీ సాయం కావాలి. మెట్లకు చేతిపట్టీ చెక్కతో చేయిస్తున్నాం. పెద్దవాళ్లకు ఒకటి, ఐదారేళ్ల పిల్లలకు కింద ఇంకొకటి. డగ్లస్ ఫర్ అనే చెక్క వాడదామనుకుంటున్నారు. దానికి పీచు లేచి వేలికి గుచ్చుకుంటుందేమోనని నా అనుమానం, మేపుల్ అయితే నున్నగా ఉంటుందంటున్నాను. అంచు ఎంత గుండ్రం చేయాలి? వార్నిష్ వేస్తే కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది, నూనె పట్టిస్తే ఏటా మళ్లీ పట్టించాలి. రోజూ రెండు వందల మంది పిల్లల చేతులు దాని మీద జారతాయి. కింది పట్టీ కొలత గీసి ఈ కాగితం వెనక పెట్టాను, అసలు సైజే. మీ చేత్తో పట్టుకుని చూసినట్టు ఊహించుకుని, పెన్సిల్‌తో సరిదిద్దండి. తమ్ముడితో ఫోటో తీయించి పంపితే చాలు.

ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను. అమ్మను అడిగానని చెప్పండి.

మీ
పెద్దమ్మాయి