మన పఠన సంఘం వార్షిక నివేదిక: అరబ్–ఇజ్రాయెల్ వివాదం చదివిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

నిరుటి సర్వసభ్య సమావేశంలో ఈ ఏడాది చర్చాంశంగా అరబ్–ఇజ్రాయెల్ వివాదాన్ని ఎంచుకున్నప్పుడు కార్యవర్గంలోనే కొందరికి టెన్షన్ పట్టుకుంది. అప్పటికే మన వాట్సాప్ గ్రూపులో గాజా గురించి మాటామాటా పెరిగి, ఇద్దరు ముగ్గురు పెద్దలు గ్రూపు నుంచి తప్పుకున్నారు. అందుకే మొదటి సమావేశంలోనే ఒక నియమం పెట్టుకున్నాం. పొద్దున టీవీలో చూసింది గుమ్మం బయటే వదిలి రావాలి. ఈ గొడవ ఎందుకు పుట్టిందని చరిత్రకారులు అంటున్నారు, ఏ ఆధారంతో అంటున్నారు అన్నదే మాట్లాడాలి. నియమం అన్నిసార్లూ నిలవలేదు గానీ సమావేశాలు మాత్రం ఆగలేదు. గ్రూపు వదిలిన పెద్దల్లో ఒకరు తిరిగి వచ్చి లిద్దా పట్టణం మీద ప్రసంగం చేశారు. ఈ ఏడాది మొత్తానికి మంచి ప్రసంగం అదే.

బ్రిటన్, భూమి

తొలి సమావేశాలు బ్రిటన్ మీద గడిచాయి. 1915–16లో ఈజిప్టులో బ్రిటన్ హైకమిషనర్ మెక్‌మహన్ మక్కా షరీఫ్ హుస్సేన్‌కు రాసిన ఉత్తరాల్లో అరబ్బులకు స్వాతంత్ర్యం ఇస్తామన్నారు. 1917 నవంబరు 2న బ్రిటన్ విదేశాంగ మంత్రి బాల్ఫర్ ప్రకటనలో పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం అన్నారు. బ్రిటన్ అరబ్బులకు ద్రోహం చేసిందని 1938లో జార్జ్ ఆంటోనియస్ రాస్తే, 1976లో ఎలీ కెడూరీ ఆ వాదాన్ని చీల్చి చెండాడారు. ఆ ఉత్తరాలను అటూ ఇటూ దొరక్కుండా రాశారన్న విషయంలో మాత్రం మన సభ్యులందరిదీ ఒకటే మాట.

దానికన్నా భూమి మీద చర్చ బాగా పండింది. 1882 నుంచి వచ్చి స్థిరపడ్డ యూదులకూ అక్కడి అరబ్బులకూ గొడవ మతంతో మొదలు కాలేదని, భూమితో, కూలి పనులతో మొదలైందని గెర్షోన్ షఫీర్ 1989లో వాదించారు. అలా అంటే యూదుల జాతీయోద్యమాన్ని వట్టి వలసవాద వ్యవహారంగా తీసిపారేసినట్టేనని, యూరప్‌లో వాళ్ళు పడ్డ హింసను పక్కన పెట్టినట్టేనని ఎదుటి పక్షం అంటుంది. 1920లలో జెజ్రీల్ లోయ భూముల అమ్మకం చూడండి. అమ్మింది బేరూత్‌లో ఉండే సుర్సోక్ కుటుంబం. ఖాళీ చేయాల్సి వచ్చింది తరతరాలుగా దున్నుకుంటున్న కౌలు రైతులు. కాగితం ప్రకారం అమ్మకం సక్రమమే, రైతు దృష్టిలో అన్యాయమే. ఊళ్ళో లేని జమీందారు సంగతి తెలిసిన మనవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

1948

ఇజ్రాయెల్ దేశం పుట్టి, అరబ్ దేశాలతో తొలి యుద్ధం జరిగిన సంవత్సరమిది. ఏడాదిలో సగం దీనికే పోయింది. పోవలసిందే.

సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళు వదిలి శరణార్థులయ్యారన్న దాని మీద పెద్దగా పేచీ లేదు. ఎందుకు వదిలారన్నదే పేచీ. అరబ్ నాయకులే రేడియోలో వెళ్ళిపొమ్మన్నారని ఇజ్రాయెల్ చాలాకాలం చెప్పింది. 1959లో పాలస్తీనా చరిత్రకారుడు వాలిద్ ఖాలిదీ, 1961లో ఐరిష్ పాత్రికేయుడు ఎర్స్కిన్ చైల్డర్స్ ఆ మాటను పరీక్షకు పెట్టారు. 1948లో అరబ్ రేడియోలు ప్రసారం చేసినవాటిని బీబీసీ వింటూ నమోదు చేసింది. ఆ రికార్డులు తిరగేస్తే అలాంటి ఆదేశం కనబడలేదని చైల్డర్స్ రాశారు. అయినా ఈ ప్రశ్న ఇజ్రాయెల్ లోపల పెద్ద చర్చ కావడానికి 1980ల చివరిదాకా పట్టింది. అప్పటికి ఇజ్రాయెల్ పత్రాలయాలు తెరుచుకున్నాయి, బెన్నీ మోరిస్, అవి ష్లైమ్, ఇలాన్ పప్పేల పుస్తకాలు వచ్చాయి. వీళ్ళకు ‘కొత్త చరిత్రకారులు’ అన్న పేరు పెట్టింది 1988లో మోరిస్ గారే.

మోరిస్ చెప్పింది ఇదీ: ముందే వేసుకున్న పథకం లేదు, అలాగని జనం వాళ్ళంతట వాళ్ళు పోనూ లేదు, యుద్ధం వల్లే ఈ సమస్య పుట్టింది. పప్పే 2006కల్లా దీన్ని జాతి ప్రక్షాళనగా, అంటే ఒక జాతిని ఆ ప్రాంతం నుంచి ఊడ్చేయడంగా, పథకం ప్రకారం జరిగిన పనిగా రాశారు. ఎఫ్రాయిమ్ కార్ష్ 1997లోనే, కొత్తవాళ్ళు పత్రాలను తమకు కావలసినట్టు వంచారని విరుచుకుపడ్డారు.

ఎవరు గెలిచారని ఓటింగ్ పెట్టమని ఒక సభ్యుడు అడిగారు. పెట్టలేదు. దాని బదులు రెండు ఊళ్ళు తీసుకున్నాం.

ఒకటి హైఫా. 1948 ఏప్రిల్ 22. అంతకు ముందు రోజు నుంచీ యూదుల సాయుధ దళం హగానా దాడి చేస్తోంది, మోర్టార్లు పేలుతున్నాయి, జనం రేవువైపు పరుగెడుతున్నారు. లొంగుబాటు చర్చల్లో నగరానికి యూదు మేయరైన షబ్తై లెవీ అరబ్ ప్రతినిధులను ఉండిపొమ్మని బతిమాలారు. వాళ్ళు మాత్రం సంధి మీద సంతకం పెట్టలేమని, తమవాళ్ళను తరలించమని అడిగారు. కార్ష్ ఎప్పుడూ ఈ ఊరినే ముందు పెడతారు.

రెండోది లిద్దా. జులై 12. పట్టణం ఇజ్రాయెల్ సేన చేతికి వచ్చింది. సేనాధిపతి యిగాల్ అలోన్ కింద ఆపరేషన్స్ అధికారిగా ఉన్న, తర్వాత ప్రధాని అయిన ఇట్జాక్ రాబిన్ తన జ్ఞాపకాల్లో రాసిందేమిటంటే, ఈ జనాన్ని ఏం చేయాలని అలోన్ అడిగితే అప్పటి ప్రధాని బెన్ గురియన్ చేత్తో సైగ చేశారు, పంపించెయ్యండి అన్న అర్థం వచ్చేలా. 1979లో ఆ జ్ఞాపకాలు అచ్చవుతున్నప్పుడు మంత్రుల సంఘం ఈ భాగాన్ని తీయించేసింది. అది న్యూయార్క్ టైమ్స్‌కు చేరి బయటపడింది. సైగకు కాగితం ఉండదు. కానీ ఆ తర్వాత వయసు చూడకుండా లిద్దా వాసులను త్వరగా పంపేయాలంటూ రాబిన్ సంతకంతో వెళ్ళిన ఉత్తర్వు ఉంది. లిద్దా, దాని పక్కనున్న రమ్లా పట్టణాల నుంచి 50 వేల నుంచి 70 వేల మంది ఎండలో నడిచి వెళ్ళారు, దారిలో కొందరు దాహంతో చనిపోయారు.

హైఫాను చూపి లిద్దాను చెరపలేం, లిద్దాను చూపి హైఫాను చెరపలేం. ఒకే కారణంతో దేశం మొత్తాన్ని వివరించాలన్న పంతం దగ్గరే చరిత్రకారులు ఎక్కువగా కొట్టుకుంటున్నారని ఈ కార్యదర్శి అభిప్రాయం. ఏప్రిల్‌లో మేయరు ఉండమనడానికీ, జులైలో సేనాధికారి పొమ్మనడానికీ మధ్య మూడు నెలల యుద్ధం ఉంది. జెరూసలేం దగ్గరి దేర్ యాసీన్ అనే అరబ్ ఊళ్ళో యూదు సాయుధ దళాల ఊచకోత ఏప్రిల్ 9నే జరిగింది, ఆ వార్తకే ఎన్నో ఊళ్ళు ఖాళీ అయ్యాయి.

సైన్యాల బలం మీద చర్చ త్వరగానే తేలింది. 1948 మే మధ్యలో పాలస్తీనాలో అరబ్ సేనలన్నీ కలిపి 25 వేల లోపు, ఇజ్రాయెల్ సేన 35 వేల పైన అని ష్లైమ్ లెక్క. అందరూ కలిసి ఒక్కడి మీద పడ్డారన్న కథ ఆ లెక్కకు నిలవదు. అయితే జోర్డాన్ రాజు అబ్దుల్లాకూ యూదు నాయకత్వానికీ లోపాయికారీ ఒప్పందం ఉందని ష్లైమ్ అన్నప్పుడు మాత్రం సభలో సగం మంది ఒప్పుకోలేదు. 1947 నవంబరు 17న యూదు నాయకురాలు గోల్డా మెయిర్ అబ్దుల్లాను కలిసిన మాట నిజం. కానీ జెరూసలేం దారిలోని లత్రూన్‌లో, జెరూసలేంలో ఇరు సేనలూ అంత ఘోరంగా పోరాడాక ఆ ఒప్పందం ఎంతవరకు మిగిలిందన్నారు.

ఎవరి బీరువా తెరిచి ఉంది

నాకు బాగా తట్టింది ఈ విషయం. ఇజ్రాయెల్ పత్రాలు తెరుచుకున్నాయి కాబట్టి ఇజ్రాయెల్ తప్పులు దాని సొంత చేతిరాతలో దొరికాయి. కైరో, డమాస్కస్, బాగ్దాద్ కాగితాలు చాలావరకు మూసే ఉన్నాయి. దాంతో అరబ్ ప్రభుత్వాల ఉద్దేశాల గురించి బయటివాళ్ళ నివేదికలే దిక్కు. పాలస్తీనా పల్లెల్లో జనం చెప్పిన సాక్ష్యాలను మోరిస్ పెద్దగా వాడలేదు, పప్పే వాడారు. ఇద్దరి మధ్య తేడాలో సగం ఇక్కడిదే. తెరిచిన బీరువా కూడా ఎల్లకాలం తెరిచి ఉండదు. 1948కి చెందిన పత్రాలు కొన్నింటిని తిరిగి మూసేస్తున్నారని 2019లో హారెట్జ్ పత్రిక రాసింది.

ఇంకో సంగతి. 2004లో మోరిస్ ఒక ఇంటర్వ్యూలో 1948లో పాలస్తీనీయులను వెళ్ళగొట్టడాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. తను బయటపెట్టిన ఆధారాలను ఆయన వెనక్కి తీసుకోలేదు, తీర్పు మాత్రం మార్చుకున్నారు. ఆధారం చేతిలో పడితే అభిప్రాయం దానంతటదే దారికొస్తుందని నమ్మే మన లెక్చరర్ గారు ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు.

మన దేశం వంతు

1947లో పాలస్తీనా సంగతి తేల్చడానికి ఐక్యరాజ్యసమితి వేసిన 11 దేశాల కమిటీలో మన ప్రతినిధి సర్ అబ్దుర్ రహమాన్. ఏడు దేశాలు విభజన అన్నాయి. భారత్, ఇరాన్, యుగోస్లావియా సమాఖ్య రాజ్యం అన్నాయి. నవంబరు 29న సర్వసభ్య సభలో విభజన తీర్మానం 33–13 ఓట్లతో నెగ్గింది, పది దేశాలు ఓటు వేయలేదు. మనం వ్యతిరేకించాం. మన సొంత విభజన జరిగి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న విగ్రహాలు మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ప్రాంతంలో పోరాడిన హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ అశ్విక దళాలవని తెలిసి కుర్రాళ్ళు ఆశ్చర్యపోయారు.

1967 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధానికి ఒక్క సమావేశమే మిగిలింది. ఇజ్రాయెల్ సేనలు సిరియా సరిహద్దుకు చేరాయని మే 13న సోవియట్ యూనియన్ చెప్పడం, ఈజిప్టు జనరల్ ఫౌజీ సిరియా వెళ్ళి చూస్తే ఏమీ కనబడకపోవడం, అయినా ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ఇజ్రాయెల్ ఓడలు ఎర్ర సముద్రంలోకి వెళ్ళే తిరాన్ జలసంధిని మూసేయడం వరకు వచ్చాం. సినాయ్ నుంచి తప్పుకోమన్న ఈజిప్టు ఉత్తరం మే 16 రాత్రి అందుకున్న ఐక్యరాజ్యసమితి దళాధిపతి మన మేజర్ జనరల్ ఇందర్ జిత్ రిఖీ. నాసర్‌ది ఉత్త బెదిరింపా, నిజంగా యుద్ధానికి దిగాడా, లేక ఇజ్రాయెల్ సేనాధిపతులు అవకాశం చూసుకున్నారా అన్నది వచ్చే ఏడాదికి వాయిదా.

ఇతర విషయాలు

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిట్ పూర్తయింది. కొత్త పుస్తకాలకే ఎక్కువ ఖర్చయింది, దిగుమతి పుస్తకాల ధరలు మీకు తెలియనివి కావు. అరబ్ దేశాల నుంచి 1948 తర్వాత వచ్చేసిన యూదుల గురించి చదవలేదని కొందరు సభ్యులు రాసి ఇచ్చారు. అది న్యాయమైన ఫిర్యాదు, 1967తో పాటు దాన్నీ కార్యక్రమంలో చేర్చాం. మైకు మళ్ళీ పాడైంది, ఈసారి బాగు చేయించకుండా కొత్తది కొనాలని కార్యవర్గం తీర్మానించింది. చందా బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశం లోపు కోశాధికారికి అందజేయగలరు. మోరిస్ పుస్తకం రెండో ప్రతి ఎవరి దగ్గరుందో వారు దయచేసి గ్రంథాలయానికి తిరిగి ఇవ్వండి, దాని కోసం కాచుక్కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి