నడక చూసి రోబో అని చెప్పలేం

సంపాదకుడి గారికి,

మీ ఆరోగ్య పేజీలో మోకీలు మార్పిడికి రోబో సర్జరీ మీద వచ్చిన వ్యాసం చదివాను. కోత కచ్చితంగా పడుతుంది, త్వరగా కోలుకుంటారు, కీలు ఎక్కువ కాలం మన్నుతుంది అంటూ మూడు మాటల్నీ ఒకే గాటన కట్టేశారు. మొదటిదానికి గట్టి రుజువే ఉంది. మిగతా రెండింటికీ ఆ బలం లేదు.

నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి ఆ మోకాలు నా చేతికి వస్తుంది. కట్టు విప్పితే చాలు, ఏ పద్ధతిలో చేశారో చాలాసార్లు ఫైలు చూడకుండానే చెప్పేస్తాను. పొడవాటి కోతకు కాస్త కింద, కాలి ఎముక మీద రెండు చిన్న గాట్లు కనిపిస్తే అది రోబో కేసు. ఎముక ఏ క్షణాన ఎక్కడుందో కెమెరాకు తెలియడానికి అక్కడ పిన్నులు దించుతారు. అదే మనిషి మూడు నెలల తర్వాత ప్యాంటు వేసుకుని నడిచొస్తే మాత్రం రోబోనా, మామూలా అన్నది నాకు తెలియదు.

అరిగిపోయిన ఎముక చివరల్ని సుమారు ఒక సెంటీమీటరు మందాన కోసి, లోహపు తొడుగులు బిగించి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెట్టడమే ఈ ఆపరేషన్. (అందరూ చిప్ప మార్పిడి అంటారు గానీ చిప్ప ఎక్కడికీ పోదు. మహా అయితే దాని వెనక వైపు చెక్కి ఒక ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు.) మామూలు పద్ధతిలో తొడ ఎముక లోపలి గుల్లలోకి కడ్డీ దించి, దాని ఆధారంగా జిగ్ (రంపానికి దారి చూపే లోహపు అచ్చు) బిగించి, ఆ జిగ్ గాడిలోంచి రంపం నడుపుతారు. రోబో అనేసరికి యంత్రం ఒంటరిగా ఆపరేషన్ చేసేస్తుందని జనం అనుకుంటున్నారు. మేకో అనే రోబోలో రంపం డాక్టరు చేతిలోనే ఉంటుంది, గీసిన హద్దు దాటబోతే యంత్రం ఆపేస్తుంది. రోసా అనే మరో రోబో అయితే జిగ్‌ను సరైన చోట పట్టుకుని నిలబడుతుంది, కోసేది డాక్టరే. తానే ఎముకను చెక్కే యంత్రాలూ లేకపోలేదు. ఏది వాడినా మోకాలు తెరవడం, కీలు అమర్చడం, కుట్లు వేయడం మనుషుల పనే. మీ వ్యాసంలో ఏ యంత్రం గురించి మాట్లాడుతున్నారో కూడా లేదు.

రోబోను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. కాలు నిటారు గీత నుంచి 3 డిగ్రీలకు మించి పక్కకు పోయే కేసులు రోబోతో తగ్గుతాయని అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలింది. పాత దెబ్బకు తొడ ఎముక వంకరగా అతుక్కున్నా, లోపల ఇదివరకే రాడ్డు ఉన్నా కడ్డీ దించడం కుదరదు. అలాంటివారికి ఇది నిజంగా అక్కరకొస్తుంది. పిన్ను దించిన చోట ఎముక చిట్లే ప్రమాదం అరుదే అయినా ఉంది. డాక్టరుకు యంత్రం అలవాటయ్యేదాకా ఆపరేషన్ సమయం కూడా పెరుగుతుంది.

ఇక మన్నిక సంగతి. దక్షిణ కొరియాలో ఒకే సర్జన్ 2002 నుంచి 2008 వరకు రోబోతో కొందరికి, మామూలుగా కొందరికి చేసి, కనీసం పదేళ్లు గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. ఎవరికి ఏ పద్ధతో ముందే లాటరీలా తేల్చారు. పదిహేనేళ్లకు రెండు గుంపుల్లోనూ 98 శాతం కీళ్లు నిలిచాయి, నొప్పిలోనూ నడకలోనూ తేడా కనిపించలేదు. అది పాతతరం రోబో కదా అనవచ్చు, నిజమే. కానీ మోకీలు మొత్తం మార్చడానికి మేకోకు అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చిందే 2015లో. దాంతో పెట్టిన కీలు పాతికేళ్లు ఉంటుందని ఇప్పుడే ఎలా అంటారు? పాతికేళ్ల లెక్క ఉన్నది అంతకుముందు పెట్టిన కీళ్లకే. సుమారు 82 శాతం నిలిచాయని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అవి దాదాపు అన్నీ కడ్డీ, జిగ్, రంపంతో చేసినవే.

ఇదంతా రాయడానికి అసలు కారణం వేరే. మామూలు పద్ధతిలో చేయించుకున్న ఒకావిడ మూడో వారంలో నా దగ్గరికొచ్చారు. మోకాలు 70 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. "రోబోతో చేయించి ఉంటే ఈపాటికి వంగేదేమో మేడమ్" అన్నాడు పక్కనున్న కొడుకు. ఆ మాటకు ఆవిడ మొహం చిన్నబోయింది. కొడుక్కేమో తల్లికి తక్కువ చేశానన్న బాధ. తీరా ఆరా తీస్తే, కిడ్నీలు పాడవుతాయేమోనన్న భయంతో ఆవిడ నొప్పి మాత్రలు మానేశారు. నొప్పికి ఓర్చుకోలేక వ్యాయామమూ మానేశారు. డాక్టరుతో మాట్లాడించాం, మాత్ర వేసుకున్నాక వంచడం మొదలుపెట్టాం. ఏడో వారానికి 110 డిగ్రీలు వంగింది. ఆవిడ ఎముకను కోసిన తీరులో ఏ లోపమూ లేదు.

కీలు మార్పించుకున్న అయిదుగురిలో దాదాపు ఒకరికి పూర్తి తృప్తి ఉండదని చాలా సర్వేల్లో తేలింది. ఆపరేషన్ మీద పెట్టుకున్న ఆశలు, నడుం నొప్పి, కండ బలం ఇవన్నీ అందులో కలిసే ఉంటాయి. యంత్రం ఫొటో వేసినంత మాత్రాన అవి పోవు. స్వీడన్‌లో 1975 నుంచి, ఆస్ట్రేలియాలో 1999 నుంచి మార్చిన కీళ్లకు రిజిస్టరు ఉంది. ఎన్నింటికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిందో జనానికి తెలుస్తుంది. ఈసారి రోబో గురించి రాసేటప్పుడు ఆ డాక్టరు ఏడాదికి ఎన్ని మోకాళ్లు చేస్తారో, ఎందరికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందో, ఎందరికి మళ్లీ తెరవాల్సి వచ్చిందో అడిగి వేయండి. అది ఆసుపత్రి ఇచ్చిన ప్రకటనైతే పైన ప్రకటన అని వేయండి.

మీ వ్యాసాన్ని కత్తిరించి మడిచి జేబులో పెట్టుకుని ఒక పెద్దాయన నిన్న మా దగ్గరికొచ్చారు. వచ్చే వారం ఆయనకు ఆపరేషన్, ఇంకా ఏ పద్ధతో తేల్చుకోలేదు. ఈలోగా ఒక చిన్న సవరణ వేయగలరా?

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు