బాలింతను కూడా అడగండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్ళు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మూడు సబ్ సెంటర్లలో చేశాను. ఊళ్ళల్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, అందరికీ నర్సమ్మనే. బాలింతల మనసు కుంగుబాటు గురించి, సర్వీసులో ఉన్నప్పుడు మీటింగుల్లో చెప్పుకోలేకపోయిన ఒక సంగతి ఇప్పుడు అందరి ముందూ మీకు చెప్పుకుంటున్నాను.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఇరవై రెండేళ్ళ పిల్ల, పురిటికి పుట్టింటికి వచ్చింది. రెండో కాన్పు, పెద్దాపరేషన్, మళ్ళీ ఆడపిల్ల. ఇరవై ఎనిమిదో రోజున ఆశ వర్కర్‌ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. లోపలి గదిలో సాంబ్రాణి వాసన ఇంకా పోలేదు. ఆమె చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె కదల్లేదు. వాళ్ళమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి ఎత్తుకుంది.

నేను బిడ్డను జోలెలో వేసి తూచాను. మూడు కిలోల నాలుగు వందలు. బొడ్డు చూశాను, ఒళ్ళు వెచ్చబడిందేమో చూశాను. తల్లి కుట్లు చూశాను, మానాయి. పాలు పడుతున్నాయా అంటే వాళ్ళమ్మే "మంచిగ పడుతున్నయ్" అంది. లేవబోతూ "నిద్ర పోతున్నవా బిడ్డా?" అని అడిగాను. "బిడ్డ పంటది, అమ్మ పంటది, నాకే వస్తలేదు నర్సమ్మా" అంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్రెక్కడిది అనుకున్నాను. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదని ఆమె అంత స్పష్టంగా చెప్పింది. నా చెవికి ఎక్కలేదు. రిజిస్టర్లో "తల్లీబిడ్డ క్షేమం" అని రాసి, ఇంకో ఇంటికి వెళ్ళిపోయాను.

నలభై ఏడో రోజున ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. కాగితాల్లో "కడుపునొప్పి భరించలేక" అని రాశారు, పేపర్లోనూ అలాగే వచ్చింది. మన పేపర్లలో ఆ మాట ఎన్ని వందలసార్లు చదివి ఉంటాం! ఆ కడుపునొప్పి వెనక ఎందరు బాలింతలున్నారో లెక్క తీసినవాళ్ళను నేను చూడలేదు. కాన్పు అయిన 42 రోజుల లోపు చావును మాతృ మరణం అంటాం. ఈమెది 47వ రోజు. మా నెలవారీ రిపోర్టులో ఆమె రానేలేదు.

మంత్రి గారూ, మన రాష్ట్రం తల్లుల విషయంలో ఏమీ చేయలేదని నేను అనను. ఆ పనిలో నా చేతులూ ఉన్నాయి. 2014-16లో లక్ష కాన్పులకు 81 మంది తల్లులు చనిపోయేవారు, 2018-20 నాటికి అది 43కు దిగింది. నూటికి 97 కాన్పులు దవాఖానాల్లోనే అవుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తేలింది. రక్తస్రావం, బీపీ, ఫిట్స్, వీటిని పట్టుకోవడం నేర్చుకున్నాం. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం పెట్టాం, 2017 నుంచి కిట్టు ఇచ్చాం. ఇంత చేసిన చేతులకు తల్లి మనసు ఎలా ఉందో అడగడం ఎవరూ నేర్పలేదు. నాకు ఏఎన్ఎం ట్రైనింగులోనూ చెప్పలేదు, తర్వాత రిఫ్రెషర్లలోనూ చెప్పలేదు.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20 వేలకు పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. కాన్పు తర్వాత నూటికి 22 మంది కుంగుబాటుకు లోనవుతున్నారని అందులో ఉంది. అంటే అయిదుగురిలో ఒకరు. బుధవారం టీకాలకు సబ్ సెంటర్ అరుగు మీద పదిమంది తల్లులు కూర్చుంటే వాళ్ళలో ఇద్దరు.

కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిన్నమాటకే గుండె బరువెక్కడం చాలామందికి ఉంటుంది. పది పదిహేను రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. కుంగుబాటు అలా తగ్గదు. వారాలు గడిచేకొద్దీ ముదురుతుంది. ఇంకొకటి ఉంది, వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. రాత్రుళ్ళు నిద్ర లేకుండా తిరగడం, లేని మాటలు వినపడడం, ఈ బిడ్డ నా బిడ్డ కాదనడం. మన ఊళ్ళల్లో గాలి సోకిందంటారు. తాయెత్తు కట్టించడానికి, నిమ్మకాయలు తిప్పడానికి నాలుగైదు రోజులు పోతాయి. అది తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి తెచ్చే అత్యవసరం. ఫిట్స్ వచ్చిన బాలింతకు ఎంత వేగంగా బండి పిలుస్తామో ఈమెకూ అంతే వేగంగా పిలవాలి. అలా దవాఖానాకు చేరిన ఒక తల్లిని నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. వైద్యం బాగానే చేశారు, మూడు వారాల్లో మనిషి మామూలైంది. కానీ బిడ్డను లోపలికి రానీయలేదు. ఇంటికొచ్చేసరికి పాలు ఎండిపోయాయి, బిడ్డ ఆమె దగ్గరికి పోవడం లేదు. ఆ తల్లి ఆ మూడు వారాల కోసం ఇప్పటికీ బాధపడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మూడేళ్ళ లోపు బిడ్డను వైద్యంలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని రాసి ఉందని నాకు రిటైరయ్యాక తెలిసింది.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు నడుస్తోంది. అయిదు మంచాలతో మొదలైంది. మనకు జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది, వాటిలో మానసిక వైద్యులున్నారు. అయిదు మంచాలు కాకపోతే రెండు మంచాలు, ఒక ఉయ్యాల, తోడుగా అమ్మమ్మో అత్తమ్మో పడుకోవడానికి చోటు. దాన్ని మాతాశిశు దవాఖానాలోనే పెట్టండి. పిచ్చాసుపత్రికి పోయివచ్చిందన్న మాట పడుతుందని ఎన్ని కుటుంబాలు గడప దాటవో నాకు తెలుసు.

ఇప్పుడు అసలు అడగదలచుకున్నది. మన వ్యవస్థ బాలింత దగ్గరికి ఎన్నిసార్లు వెళ్తోందో చూడండి. దవాఖానాలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశ వర్కర్ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్తుంది. 3వ నెల నుంచి 15వ నెల వరకు మూడు నెలలకోసారి ఇంకో అయిదు విజిట్లున్నాయి. మధ్యలో 6, 10, 14 వారాలకు, తొమ్మిదో నెలకు తల్లే బిడ్డను ఎత్తుకుని టీకాలకు మా దగ్గరికి వస్తుంది. ప్రతిసారీ బిడ్డ గురించి అడుగుతాం. అప్పుడే తల్లిని రెండు ప్రశ్నలు అడగాలి. ఈ నెల రోజుల్లో మనసు కుంగిపోయినట్టు, ఇక ఏ దారీ లేనట్టు ఉందా? ఇదివరకు ఇష్టంగా చేసే పని ఏదీ చేయబుద్ధి కావడం లేదా? రెండిట్లో ఒకదానికి అవునన్నా, బాలింతల కుంగుబాటును పట్టుకోవడానికి 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలూ అడగాలి. అయిదారు నిమిషాల పని. కేరళలో "అమ్మ మనస్సు" పేరుతో క్షేత్రస్థాయి సిబ్బందితోనే తల్లులను ఇలా అడిగిస్తున్నారు.

ఒక మనవి. ఆ ప్రశ్నలను పుస్తకాల తెలుగులో అచ్చు వేయకండి. "మీరు విచారంగా ఉన్నారా" అంటే మా పల్లెల్లో ఏ బాలింతా అవునని చెప్పదు. "రంది పెట్టుకుంటున్నవా బిడ్డా?" అంటే చెబుతుంది. "మనసున పడుతలేదు", "గుబులైతంది", "పిల్ల మొఖం చూడబుద్ధి అయితలేదు", ఇవి నేను విన్న మాటలు. చాలాసార్లు అసలు మనసు ఊసే ఎత్తరు. తల బరువంటారు, పానం మంచిగ లేదంటారు, అరికాళ్ళు మంటలంటారు. ఆ మాటలన్నీ ట్రైనింగులో ఉండాలి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో అడిగే ప్రశ్న గోండిలో ఉండాలి, పాతబస్తీలో ఉర్దూలో ఉండాలి.

అడిగే చోటు కూడా ముఖ్యం. అత్త ముందు అడిగితే "ఏం బాధ లేదమ్మా" అనే వస్తుంది. టీకా రోజున బిడ్డను అమ్మమ్మ చేతికిచ్చి, బరువు చూస్తానని తల్లిని లోపలి గదిలోకి పిలిస్తే చాలు, తలుపు దగ్గరగా వేస్తే చాలు, చాలామంది అడగకముందే ఏడుస్తారు. భర్త కొడుతున్నాడన్నది, అన్నం సరిగా పెట్టడం లేదన్నది, రెండోసారి ఆడపిల్లని మొహం తిప్పుకున్నారన్నది అక్కడే బయటపడతాయి. గోవాలో 270 మంది తల్లులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనం కూడా పేదరికాన్ని, సంసారంలో హింసను, ఆడపిల్ల పుట్టిందన్న నిరాశను ఈ కుంగుబాటుతో ముడిపెట్టింది.

మన పద్ధతిలో ఒక సందు ఉంది, అది పైనుంచి కనపడదు. కడుపుతో ఉన్న పిల్ల పేరు అత్తగారి ఊళ్ళో నమోదవుతుంది, పురుడు పుట్టింట్లో జరుగుతుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో తిరిగి అత్తగారింటికి పోతుంది. ఇక్కడి ఆశ వర్కర్‌కు ఆమె వెళ్ళిపోయిన మనిషి, అక్కడి ఆశ వర్కర్‌కు ఇంకా రాని మనిషి. పుట్టింట్లో దొరికే ఆ కాస్త విశ్రాంతి పోయి, బిడ్డ, ఇంటిపని, పొలం పని అన్నీ ఒక్కసారిగా మీదపడే కాలం సరిగ్గా అదే. తల్లితో పాటు తిరిగేది తల్లీబిడ్డల కార్డు ఒక్కటే. అందుకే ఆ ప్రశ్నలకు తల్లి చెప్పిన జవాబు ఆ కార్డు మీద ఉండాలి, అదీ మాటల్లో కాకుండా ఒక గుర్తుతో. ఇంట్లో ఎవరు తెరిచి చూసినా ఆమెకు మాట రాకూడదు.

ఈ పని ఆశ వర్కర్ల మీద ఊరికే వేయవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఆ ఆరు విజిట్లూ పూర్తి చేస్తే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం వాళ్ళకు దక్కేది రూ.250. వాళ్ళలోనూ తల్లులున్నారు, రంది ఉన్నవాళ్ళున్నారు. డబ్బు ఇవ్వండి, సరైన శిక్షణ ఇవ్వండి. చదువుకున్న డాక్టరు చేయాల్సిన పని వీళ్ళతో అవుతుందా అని మీ అధికారులు అంటే పాకిస్తాన్‌లోని రావల్పిండి సంగతి చెప్పండి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో గర్భంతో ఉండగానే కుంగుబాటులో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకు మామూలు ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి, నేర్చుకున్న పద్ధతిలో మాట్లాడారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో నూటికి 23 మందికే కుంగుబాటు మిగిలింది. అలాంటి మాటసాయం లేని ఊళ్ళల్లో 53 మందికి ఉంది. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ఇది. మందులు కాదు, మాటలే.

మందులు కావలసినవాళ్ళకు పీహెచ్‌సీలోనే దొరకాలి. పాలిచ్చే తల్లికి ఇవ్వకూడదేమోనని డాక్టర్లు జంకడం చూశాను. సెర్ట్రలిన్ లాంటి కుంగుబాటు మందులు పాలలోకి చాలా తక్కువగా చేరతాయని ప్రతి పీహెచ్‌సీ డాక్టరుకూ తెలియాలి, ఆ మాట తల్లికి చెప్పగలగాలి. మనసు బాధల కోసం 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు టీకా కార్డు అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉండాలి, డిశ్చార్జి కాగితం మీద ఉండాలి. సొంతంగా ఫోన్ లేని బాలింత కోసం సబ్ సెంటర్ ఫోన్ నుంచి కలిపి ఇవ్వాలి. అవతలి మనిషికి బాలింతతో మాట్లాడే తీరు తెలిసి ఉండాలి.

నెలలు నిండని బిడ్డలను అద్దాల గదిలో పెట్టినప్పుడు బయట వరండాలో చాప మీద కూర్చునే తల్లులను, బిడ్డ పోయి ఖాళీ చేతులతో ఇంటికి పోయే తల్లులను మరిచిపోకండి. టీకాలకు రావడానికి వాళ్ళకు బిడ్డ లేదు కాబట్టి, వాళ్ళను ఎవరమూ మళ్ళీ చూడం. వాళ్ళ ఇళ్ళకు మేమే వెళ్ళాలి.

చివరిగా ఆ లెక్క. 42 రోజులు దాటాక ఏడాది లోపు చనిపోయే ప్రతి తల్లి మరణాన్నీ సమీక్షించమని ఆదేశం ఇవ్వండి. ఆత్మహత్యను కూడా కాన్పుకు సంబంధించిన మరణంగానే చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. కడుపునొప్పి అని రాసి ఉన్న కాగితం కనపడితే, ఇంట్లో ఏడాది లోపు బిడ్డ ఉందా అని ఒక్క ప్రశ్న అడిగించండి.

ఆ పాప ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది. అమ్మమ్మ దగ్గరే ఉంది. బడికి పోతూ మా ఇంటి ముందు ఆగి, "నర్సమ్మా, పోయొస్త" అని చెప్పి మరీ వెళ్తుంది.

ముందు ఒక్క జిల్లాలో మొదలుపెట్టినా చాలు. ట్రైనింగులో ఆ ప్రశ్నలు ఎలా అడగాలో చూపించడానికి మనిషి కావాలంటే నన్ను పిలవండి, బస్సు చార్జీలు కూడా వద్దు. బుధవారం, శనివారం ఏ సబ్ సెంటర్‌కు రమ్మన్నా వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
ఉమ్మడి వరంగల్ జిల్లా